వీర్నపల్లి ఆరు పట్టీలు

తెగిన పోగు కంటపడితే వందన చేయి ఊరుకోదు. ఆ అలవాటు ఎప్పుడు అంటుకుందో ఆమెకే తెలియదు. సిరిసిల్లలో వాళ్ల ఇంటి ముందుగది నిండా నాలుగు సాంచాలు ఉండేవి. మరమగ్గాన్ని ఆ ఊళ్లో అలాగే పిలుస్తారు. తండ్రి యాదగిరి వాటి మధ్య అటూ ఇటూ నడుస్తూనే ఆమెకు ఎక్కాలు నేర్పాడు. నాయనమ్మ లచ్చవ్వ గడప పక్కన కూర్చుని దారం కండెలు చుట్టేది. పోగు తెగితే చప్పుడేమీ రాదు. అయినా లచ్చవ్వకు తెలిసిపోయేది.

"వందీ, రెండో సాంచ సూడే. పోగు పోయింది," అనేది తలెత్తకుండానే.

వందన పుస్తకం బోర్లించి లేచేది. వేలు నాలుకకు తాకించి, రెండు కొసలూ కలిపి మెలివేసి, ముడి కనపడకుండా నొక్కి వచ్చి, వదిలిన వాక్యం దగ్గరే మళ్లీ చదువు మొదలుపెట్టేది.

ఆ ఇంట్లో అందరూ భయపడేది ఒక్కదానికే, గుడ్డలో కన్నం పడటానికి. బట్ట తీసుకునే సేటు మనిషి వారానికోసారి వచ్చి, తానులు విప్పి వెలుతురుకు పట్టి చూసేవాడు. ఎక్కడైనా చిన్న కన్నం కనపడితే "ఎవని చెయ్యి?" అని అడిగేవాడు. ఎందుకు పడిందని ఏనాడూ అడగలేదు. యాదగిరి తల దించుకునేవాడు. ఆ ప్రశ్న వందనలో ఎంత లోపలికి దిగిందంటే, కరీంనగర్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు హాస్టల్ దుప్పటికి చిరుగు కనపడినా ముందు తన చేతులే చూసుకునేది.

ఎమ్మెస్సీ అయ్యాక ఆమెకు పరిశోధనలో సీటు వచ్చింది. ఆ కోర్సుకు ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరినవాళ్లు వెంటనే ఒక ప్రొఫెసర్ దగ్గర కుదురుకోరు. ముందు మూడు ల్యాబులు తిరగాలి, ఒక్కో చోట ఆరు వారాలు. సిరిసిల్లలో బట్టల ల్యాబు, కోరుట్లలో పశువుల ల్యాబు, జగిత్యాలలో మట్టి ల్యాబు. తిరగడం అయ్యాక విద్యార్థులు తమకు కావలసిన ల్యాబులను వరుసగా రాసి కవరులో పెట్టి ఇవ్వాలి. ప్రొఫెసర్లు కూడా తమకు కావలసిన పేర్లు అలాగే రాసి ఇస్తారు. పేచీ వస్తే ప్రొఫెసర్ రాసిందే చెల్లుతుంది. ల్యాబుకు ఒక్కరే. ఒకసారి పేరు పడితే అయిదేళ్లు అక్కడే.

ఆ ఏడు చేరింది ముగ్గురు. వందన, మెట్‌పల్లి నుంచి సాయికిరణ్, మల్యాల నుంచి నరేశ్.

వందనకు మొదట సిరిసిల్ల పడింది. ఇంటి నుంచి నడిస్తే పదిహేను నిమిషాలు. ల్యాబు పెద్ద మనోహర్ సార్ మంచి మనిషి, ఎప్పుడూ నవ్వుముఖమే. ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోని దారం తయారు చేయాలని ఆయన పట్టుదల. ఆ దారాన్ని నేసి చూడటానికి ల్యాబు వెనక షెడ్డులో రెండు పాత సాంచాలు పెట్టాడు. వందన వచ్చిన రెండో రోజు అందులో ఒకటి ఆగిపోయింది. మెకానిక్ వేములవాడ పోయాడు. ఊరికే చూద్దామని వందన వెళ్లింది. పది నిమిషాల్లో సాంచ నడిచింది.

"ఎవలి బిడ్డవమ్మా నువ్వు?" అన్నాడు మనోహర్ సార్ ఆశ్చర్యంగా.

"సాంచాల యాదగిరి బిడ్డను సార్."

"అనుకున్న. గీ చెయ్యి సదువుకుంటే అచ్చేది కాదు."

అది మెచ్చుకోలే. కానీ ఆ రోజు నుంచి వందన ల్యాబు బల్ల ముందు కూర్చున్నది లేదు. వందనా, జర గా పోగు సూడు. వందనా, కండె అయిపోయింది. వందనా, అంచు ఎందుకో గుంజుతున్నది. ఆరు వారాలు అలాగే గడిచాయి. ఆమె నోటుబుక్కులో తన ప్రయోగమంటూ ఒక్క పేజీ నిండలేదు. చివరి రోజు సార్ అందరి ముందూ లేచి, "ఈ పిల్లను నేనెవ్వరికి ఇయ్య. నా లిస్టుల ఫస్టు పేరు ఈమెదే," అని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. వందన నవ్వింది. ఇంటికి చేరేదాకా ఆ నవ్వును ముఖం మీది నుంచి ఎలా తీయాలో తెలియలేదు.

యాదగిరి సంతోషానికి హద్దు లేదు. "ఇంకేం బిడ్డా. ఇంట్ల బువ్వ తిని పోవుడు, పొద్దుగూకంగ ఇంటికచ్చుడు. గిసోంటి నసీబు ఎవలకున్నది?"

"బాపూ, ఇంకా రెండు ల్యాబులు చూసేది ఉన్నది."

"సూసి రా. సూస్తే తప్పేంది," అన్నాడు, సంతకు పంపుతున్నట్టు.

లచ్చవ్వ కండె చుట్టడం ఆపింది. "పదారేండ్లు సదివి మల్ల సాంచ కాడికే అచ్చినవాయె. గీ పని నేను పైస లేకుంట ఊకెనే నేర్పితి గదనే!"

అందరూ నవ్వారు. బీడీలు చుడుతున్న తల్లి కూడా నవ్వింది. నాయనమ్మ మాటలో ఎగతాళి ఎంతో, దిగులు ఎంతో వందనకు అంతుపట్టలేదు.

తర్వాత కోరుట్ల. బర్రె పొట్టలోని నీళ్లు సీసాలోకి పట్టి, అందులో మేత ఎలా అరుగుతుందో చూసే ల్యాబు అది. మొదటి వారమంతా వందన ముక్కుకు చున్నీ కట్టుకునే తిరిగింది. "బర్రె నిన్ను జూసి భయపడ్తలేదు గదమ్మా, నువ్వెందుకు భయపడ్తవ్?" అని అక్కడి దావీదు సార్ నవ్వేవాడు. ఆ ల్యాబు నరేశ్‌దని మొదటి విడతలోనే తేలిపోయింది. వ్యవసాయదారుల ఇంటి పిల్లవాడు. అతను పక్కన నిలబడితే బర్రె మేత మానేసి అతని చేయి నాకేదట. దావీదు సార్ ఇక వేరే పేరు చూడలేదు.

అంటే మిగిలినవి రెండు ల్యాబులు, ఇద్దరు మనుషులు. సాయికిరణ్ మొదట జగిత్యాల, తర్వాత సిరిసిల్ల చూసి వచ్చాడు. ల్యాబులు మారే రోజున ముగ్గురూ కోరుట్ల బస్టాండులో కలిసి చాయ్ తాగారు.

"నీకేం వందనా, సిరిసిల్ల నీ పేరు మీద పట్టా అయిపోయింది," అన్నాడు సాయికిరణ్. "జగిత్యాల నాకిడిచిపెట్టు."

"నీకు సిరిసిల్ల ఎందుకు వద్దు?"

"గా చప్పుడుల మనిషి బతుకుతడా?"

నరేశ్ కిసుక్కున నవ్వాడు. "అరేయ్, ఆమె పుట్టిందే గా చప్పుడులరా."

సాయికిరణ్ నాలుక కరుచుకున్నాడు. "మాట వరసకన్న. ఏమనుకోకు."

వందన ఏమీ అనుకోలేదు. ఇరవైమూడేళ్లుగా తన నోట రాని మాట అతని నోట అంత సులువుగా వచ్చిందే అని మాత్రం చూసింది.

జగిత్యాలలో ఆమెకు హాస్టల్ గది ఇచ్చారు. సామాను దింపి తలుపు వేసుకుంటే ఏ చప్పుడూ లేదు. కిటికీ బయట పిట్ట ఒకటి అరుస్తుంటే, అది ఎక్కడుందో చెవితోనే కనుక్కోవచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

మట్టి ల్యాబు రజని మేడంది. మేడం మాటలు తక్కువ. మొదటి రోజు చిటికెడు మట్టి మైక్రోస్కోపు కింద పెట్టి, "చూడు," అని వెళ్లిపోయింది. వందన వాళ్లకు గజం భూమి లేదు. గుప్పెడు మట్టి కావాలంటే పక్కింటి పూలకుండీ అడగాలి. ఆ చిటికెడు మట్టిలో తెల్లటి సన్నని పోగులు అల్లుకుని ఉన్నాయి. ఎవరూ నేయనివి, ఎవరూ అతకనివి. గంట దాటినా ఆమె కన్ను తీయలేదు. తనను ఎవరూ పిలవలేదు కూడా. ఇక్కడే ఉండాలి అనుకుంది. ఏదైనా ఒకటి కావాలని అంత గట్టిగా అనుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

మేడం పని గుడ్డ పట్టీలతో. అరచేయంత వెడల్పున్న ముతక నూలు పట్టీలను చేలల్లో పాతి, ముప్పై రోజులకు తీసి, కడిగి, ఆరబెట్టి, గుంజే మిషనుకు బిగిస్తారు. ఎంత బలానికి చిరిగిందో రాసుకుంటారు. ఎందుకో వందనకు ల్యాబు అటెండరు సామేలు చెప్పాడు. ఆ పనిలో ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం.

"మన్నుల కండ్లకు కానరాని పురుగులు, బూజు ఉంటయ్ బిడ్డా. మన్ను బతికుంటే బట్టను తింటది, పట్టీ బలం తగ్గుతది. సచ్చిన మన్నుల పెట్టింది పెట్టినట్టే ఉంటది."

"కన్నాలు పడ్తయా సామేలన్నా?"

"ముప్పై రోజులకు కన్నాలు పడంగ నేనైతే సూడలే."

మొదటి వారంలోనే ఇద్దరూ బస్సుల్లో తిరిగి పద్దెనిమిది పట్టీలు పాతారు. మెట్‌పల్లిలో పసుపు చేనుకు ఆరు, మల్యాలలో మక్క చేనుకు ఆరు, వీర్నపల్లిలో జలపతి చేనుకు ఆరు. జలపతి పదేళ్లు దుబాయిలో ఉండి వచ్చినవాడు. మూడేళ్ల నుంచి మందు బస్తాలు మానేసి పెంట, పచ్చి రొట్ట వేసి దున్నుతున్నాడు. ఊళ్లో అందరూ నవ్వుతున్నారట. "నవ్వనియ్యిన్రి బిడ్డా. మన్ను నా దిక్కుంటే సాలు," అన్నాడు.

ముప్పై రోజులకు మళ్లీ వెళ్లారు. రెండు ఊళ్లలో సామేలే తవ్వాడు. వీర్నపల్లికి వచ్చేసరికి ఆయన నడుము పట్టేసింది. పార వందన అందుకుంది. పార పట్టడం ఆమెకు అలవాటు లేదు. రెండుసార్లు రాయికి తగిలి ఖంగుమంది.

మర్నాడు ల్యాబులో నల్లా కింద పట్టీలు కడుగుతుంటే మెట్‌పల్లివి, మల్యాలవి నిండుగా ఉన్నాయి. వీర్నపల్లివి ఆరింటికీ కన్నాలు. ఆవగింజంతవి కొన్ని, కందిబద్దంతవి కొన్ని.

వందన చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. ఎవని చెయ్యి?

చెయ్యి తనదే. పార తనే పట్టింది. మొదటి విడతలో సాయికిరణ్ మూడు పట్టీలు చించితే మేడం వారం రోజులు అతనితో మాట్లాడలేదని సామేలు చెప్పాడు. ఇక్కడ ఆరు. కరెంటు లేదు, మూడింటికి గానీ మిషను నడవదు. సామేలు అన్నానికి పోయాడు. వందన పట్టీలు ఆరబెట్టి, మిగిలిపోయిన కొత్త పట్టీ ఒకటి తీసి పోగులు విప్పుకుంది. సంచిలోంచి సూది తీసింది. వేలు తడి చేసింది. నిలువు పోగులను కన్నం దాటి గట్టిగా ఉన్న చోటిదాకా కొత్త పోగుతో అతికింది, అడ్డపోగులు ఒకటి విడిచి ఒకటి ఎక్కించింది. నలభై నిమిషాల్లో ఆరు పట్టీలూ నిండుగా అయ్యాయి. మోసం చేస్తున్నానన్న ఆలోచన ఆమెకు రానే లేదు. చేసిన చెరుపును సరిచేసి పెట్టినప్పుడు ఇంట్లో ఉండే నిమ్మళమే ఉంది.

మిషను తిప్పాక, అన్నిటికంటే ఎక్కువ బలం పట్టినవి వీర్నపల్లి పట్టీలు.

"పద్దెనిమిదిట్ల ఒక్కటి చిరగకుండ తీసినవ్," అంది రజని మేడం కాగితం చూస్తూ. "మూడేండ్ల సంది గిట్ల ఎవ్వరు తీయలే." కొంచెం ఆగి, "కవర్ల నీ పేరే రాద్దామనుకుంటున్న," అంది.

ఆ సాయంత్రం వందన హాస్టల్ గదికి కొత్త తాళంచెవి చేయించుకుంది, అయిదేళ్లకు పనికొచ్చేట్టు.

కవర్లు ఇవ్వాల్సింది శుక్రవారం నాలుగింటికి. గురువారం పొద్దున జలపతి వచ్చాడు.

"నమస్తే మేడం. మా మన్ను ఏమంటున్నది?"

మేడం కాగితం ఆయన ముందు పెట్టింది. "జలపతీ, మిగితా రెండూర్ల కన్న నీ చేన్లనే పట్టీ గట్టిగున్నది. అంటే మట్టి ఏం తినలే. ఇప్పటికైతే దాంట్ల జీవం కానస్తలేదు."

జలపతి కాగితాన్ని మేడం వైపు జరిపాడు. "అయితే మూడేండ్లు ఊకెనే గోస పడ్డ. మా ఇంటామె మొదాల్నే అన్నది. దుబాయి తెలివి దుబాయిలనే ఇడిసిపెట్టి రాకపోతివా అని." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "సరే మేడం. పోంగ పోంగ బస్తాలు ఏస్కొని పోత. కానీ మేడం, వానకాలం సంది వానపాములు మస్తు లేస్తున్నయ్. గవి ఎందుకచ్చినట్టు మరి?"

"వానపాములా?" అంది మేడం, కనుబొమలు ముడిచి.

తలుపు దగ్గర నిలబడ్డ వందనకు ఆ రోజు తన వేళ్లకు తగిలిన పోగుల కొసలు గుర్తుకొచ్చాయి. పార తగిలితే పోగు తెగుతుంది, కొస మొద్దుగా ఉంటుంది. ఆ కన్నాల చుట్టూ పోగులు సన్నబడి, నలిగి, కొసలు దూదిలా ఉన్నాయి. కోసిన పోగుకూ అరిగిన పోగుకూ తేడా సిరిసిల్లలో అయిదేళ్ల పిల్లకు తెలుస్తుంది. ఆమె వేళ్లకూ ఆ రోజే తెలిసింది. ఎవని చెయ్యి అన్న ప్రశ్న ముందు ఆమె వేళ్ల మాట వినలేదు. ఆ కన్నాలు జలపతి చేను తిన్న కన్నాలు. అన్నిటికంటే ఎక్కువ తిన్న మట్టిని, ఏమీ తినని మట్టిగా చూపించింది తన సూది.

జలపతి దండం పెట్టి వెళ్లిపోయాడు. వందన నల్లా దగ్గరికి వెళ్లి ఊరికే చేతులు కడుక్కుంది. రేపు నాలుగింటిదాకా నోరు మూసుకుంటే చాలు, అయిదేళ్లు ఈ గది, ఈ బల్ల, ఈ నిశ్శబ్దం. ఆ తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు. కానీ బస్తాలు ఈ రోజే కొంటాడు. చెబితే సిరిసిల్ల షెడ్డు. చెప్పకపోతే ఇక్కడ పాతే ప్రతి పట్టీలో ఆ ఆరే కనపడతాయి. ఎటు చూసినా గోడే. నల్లా కట్టేసింది.

మిషనులో చిరిగిన పట్టీల ముక్కలు వాటి కవరులోనే ఉన్నాయి. తీసుకెళ్లి మేడం బల్ల మీద పరిచింది.

"మేడం, ఇవి నేను అతికిన."

రజని మేడం భూతద్దం తీసింది. చాలాసేపు చూసింది. "ఏడ?"

"ఈ పోగు నుంచి ఈ పోగు దాకా నాది."

"నాకు కనపడ్తనే లేదు."

"కనపడకుండనే నేర్పిన్రు మేడం."

మేడం భూతద్దం పక్కన పెట్టింది. "చిరిగిందనుకుంటే నాకు చెప్పాలె గదా వందనా?"

"ఎవరి చెయ్యి అని అడుగుతరనుకున్న."

ఆ మాట మేడంకు అర్థం కాలేదు. బయట సామేలు ఎవరికో ఫోనులో ఏదో చెబుతున్నాడు.

"ఇప్పుడన్న చెప్పినవ్, మంచిదే," అంది మేడం చివరకు. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "కానీ నీ చేతిని మల్ల నమ్ముటానికి నాకు కొంచెం టైం గావాలె. రేపు నాలుగింటిదాకనే ఉన్నది." కాగితం మీద ఆరు అంకెలకు అడ్డంగా గీత గీసింది. "పో, ముందు ఆయనను ఆపు. బస్సెక్కుతడు."

జలపతి రోడ్డు పక్కన వేములవాడ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. వందన రొప్పుతూ చెప్పింది. ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అంటే, మా మన్ను తిన్నదాన్ని నువ్వు మల్ల కుట్టినవా?"

"అవును కాకా. నేనే చింపిన్నేమో అనుకున్న."

"ఓరి నీ!" జలపతి పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. "అయితే బతికే ఉన్నదంటవా?"

"నాకు తెల్వదు. మల్ల పాతాలె. ముప్పై రోజులు."

"ముప్పై రోజులు ఆగుత తియ్. బస్తాలు యాడికి పోతయ్?" బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. "నువ్వే అస్తవా తవ్వెతందుకు?"

బస్సు కదిలింది.

శుక్రవారం ఆమె కవరులో మొదటి పేరు జగిత్యాల అనే రాసింది. సోమవారం ఫలితాలు వచ్చాయి. కోరుట్లకు నరేశ్, జగిత్యాలకు సాయికిరణ్, సిరిసిల్లకు వందన.

"ఏదో ఒకటి గడబిడ అయింది. నీకే అచ్చేదుండె గదా?" అని సాయికిరణ్ ఫోను చేశాడు, దొంగతనం చేసినవాడిలా.

"ఏం గాలేదు. హాస్టల్ల కిటికీ దిక్కు గది తీస్కో. పిట్టలు అస్తయ్," అంది. తాళంచెవి సామేలు చేతికి ఇచ్చి వచ్చింది.

ఇప్పుడు ఆమె పొద్దున ఇంట్లో అన్నం తిని నడిచి వెళుతుంది. యాదగిరి గుమ్మం దాకా వస్తాడు. దారిలో ఎవరైనా అడిగితే "సైంటిస్టు, మనూర్లనే," అంటాడు. లచ్చవ్వ ఒక్కోసారి వందన చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి వదిలేస్తుంది. మనోహర్ సార్ అన్నట్టే ఆమెను తీసుకున్నాడు, సొంత బల్ల కూడా ఇచ్చాడు. బల్ల ముందు కూర్చునే తీరికే దొరకదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం షెడ్డులో ఉండగా ఫోను మోగింది. సామేలు. సాంచాల చప్పుడులో ఏమీ వినపడక వందన బయటికి, గోడ చివరి దాకా పరుగెత్తింది.

"బిడ్డా, వీర్నపల్లివి తీసినం. పొద్దుగాలనే. సాయికిరణ్ చేత పట్టంగనే రెండు పొడిపొడి అయినయ్. మిగిలినయ్ జల్లెడలెక్కున్నయ్. ఇరవై ఏండ్లల గిసోంటి మన్ను సూడలే నేను."

"జలపతి ఉండెనా?"

"ఉండె. పట్టీ ముక్క ఒకటి జేబుల ఏస్కపోయిండు. వాళ్ల ఇంటామెకు సూపిస్తడట."

వందన నవ్వింది. గోడకు ఆనుకుంది. "సామేలన్నా, మనం మొదాలు తీసినయ్... పారేసిన్రా?"

"లేదు. మేడం కవర్ల పెట్టించి పేరు రాయించింది. నేనే రాసిన. వీర్నపల్లి ఆరు, వందన అతికినవి, లెక్కకు రావు. అని."

జగిత్యాల బీరువాలో తన పేరు ఒక కవరు మీద ఉంది. అయిదేళ్లు కాదు, ఆ కవరు ఎన్నేళ్లైనా ఉండవచ్చు.

లోపల ఒక సాంచ గొంతు మారింది. ఆగింది. రెండోది ఒక్కటే కొట్టుకుంటోంది. లచ్చవ్వలాగే వందనకు కూడా చూడకుండానే తెలిసింది, ఎడమ వైపున, అంచు దగ్గర.

"వందనా!" అని మనోహర్ సార్ కేక. "జర సూడమ్మా, పోగు పోయింది."

"అస్తున్న సార్," అంది. ఫోను పెట్టేసింది. నడుస్తూనే, తనకు తెలియకుండానే, వేలు నాలుకకు తాకించింది.